డ్రాక్యులా దగ్గర నిద్రొచ్చిందా? మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు

మీరు అడిగింది ఇదీ: గొప్ప సినిమా అని అందరూ అంటే 1931 నాటి డ్రాక్యులా పెట్టుకుని కూర్చున్నారు. అరగంట దాటేసరికి నిద్ర ముంచుకొచ్చింది. భయం సంగతి దేవుడెరుగు, గబ్బిలం కనిపించినప్పుడల్లా నవ్వొచ్చింది. ఈ నలుపు-తెలుపు దెయ్యాల సినిమాల్లో జనం అసలు ఏం చూస్తారు, ఏది ముందు చూడాలి, రంగులద్దిన ప్రింటు దొరికితే చూడొచ్చా, తొమ్మిదేళ్ల బాబును పక్కన కూర్చోబెట్టుకోవచ్చా అన్నారు. నాకు ఈ సినిమాల పిచ్చి చాలా ఏళ్లుగా ఉంది. ఫిల్మ్ సొసైటీలో పదిమందికి వేసి చూపించిన అనుభవమూ ఉంది. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు మీ నిద్ర సంగతి. అందులో మీ తప్పేం లేదు. ఆ సినిమా మొదటి ఇరవై నిమిషాలు ఎంత బాగుంటుందో, తర్వాత అంత చప్పబడిపోతుంది. పాడుబడ్డ కోట, సాలెగూళ్లు, నేలమాళిగలో శవపేటికలు. కెమెరా మెల్లగా ముందుకు జరుగుతుంటే ఒక పేటిక మూత కింద నుంచి వేళ్లు బయటికొస్తాయి. ఆ కెమెరామాన్ కార్ల్ ఫ్రాయిండ్ సామాన్యుడు కాదు, అంతకుముందు జర్మనీలో మెట్రోపొలిస్ అనే సినిమాకు పనిచేసి వచ్చినవాడు. కథ లండన్ చేరగానే మాత్రం అందరూ డ్రాయింగ్ రూముల్లో కూర్చుని మాట్లాడుకోవడం మొదలవుతుంది. ఎందుకంటే ఆ సినిమాను నవల కంటే ఎక్కువగా ఒక రంగస్థల నాటకం నుంచి తీసుకున్నారు. డ్రాక్యులాగా వేసిన బెలా లుగోసి కూడా 1927లో న్యూయార్క్ బ్రాడ్వే నాటకంలో అదే వేషం కట్టినవాడే. అందుకే చూడదగ్గవన్నీ తెర వెనకే జరిగిపోతాయి. ఒకాయన బయటికి చూసి అదుగో తోడేలు పచ్చిక మీద పరుగెడుతోంది అంటాడు. మనకు ఆ తోడేలును చూపించరు. పైగా టాకీలు వచ్చి ఎన్నాళ్లో కాలేదు, నేపథ్య సంగీతం వాడటం ఇంకా అలవాటు కాలేదు. టైటిల్స్ మీద చైకోవ్‌స్కీ స్వాన్ లేక్ ముక్క అయిపోయాక దాదాపు అంతా నిశ్శబ్దమే. చెవులు ఖాళీగా ఉంటే కళ్లు మూతలు పడటం సహజం.

అన్నట్టు, అవే సెట్లలో రాత్రిపూట మరో బృందం వచ్చి స్పానిష్‌లో ఇదే సినిమా తీసింది. పగలు ఇంగ్లిష్ వాళ్లు, రాత్రి స్పానిష్ వాళ్లు. అప్పట్లో డబ్బింగ్ ఇంకా సరిగా కుదరలేదు కాబట్టి పరభాషల మార్కెట్ కోసం అలా చేసేవారు. కెమెరా పనితనం దాంట్లోనే మెరుగని చాలామంది అంటారు, నేనూ అంటాను. లుగోసి లేకపోవడం ఒక్కటే దాని లోటు. అతని గొప్పంతా ఆ నిదానంలో, మాటకీ మాటకీ మధ్య ఆపే తీరులో ఉంది. గమనించండి, అతనికి కోరలు కూడా ఉండవు. మెడ కొరకడం తెర మీద ఒక్కసారీ చూపించరు. కళ్ల మీద సన్నటి లైటు గీత ఒకటి వేసి పని నడిపించారు.

ఇక అసలు విషయం. ఈ సినిమాలు భయపెట్టడానికే తీశారు, అప్పట్లో జనం భయపడ్డారు కూడా. 1931లో హాల్లో కూర్చున్నవాళ్లు అలాంటి ముఖాన్ని ఎన్నడూ చూసి ఎరగరు. మనమేమో ఆ ముఖాలకు నకళ్లు, ఆ నకళ్లకు నకళ్లు చూస్తూ పెరిగాం. కార్టూన్లలో చూశాం, టీషర్టుల మీద చూశాం, పిల్లల బిస్కెట్ ప్యాకెట్ల మీద కూడా చూశాం. కాబట్టి ఉలికిపాటు కోసం వీటిని వెతికితే చేతికి ఏమీ చిక్కదు. ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా ఉన్నవి వేరే రెండు: వెలుగునీడలతో చేసిన పని, ఆ వికృత రూపం మీద కలిగే జాలి. ఈ రెండింటినీ పట్టుకుని చూడటం మొదలుపెడితే, భయం తనంతట తానే వెనకాల వస్తుంది. అన్ని సినిమాల్లో రాదు, కానీ కొన్నింటిలో గట్టిగానే వస్తుంది.

అందుకే మొదట ఫ్రాంకెన్‌స్టైన్ చూడండి. అదీ 1931దే, అదే యూనివర్సల్ స్టూడియోది, డ్రాక్యులా వచ్చిన కొన్ని నెలలకే వచ్చింది. నిడివి గంటా పది నిమిషాలు. మన సినిమాలకు ఇంటర్వెల్ పడే లోపే అయిపోతుంది. దర్శకుడు జేమ్స్ వేల్. శవాల ముక్కలు కుట్టి డాక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ ప్రాణం పోసిన భూతం వేషం బోరిస్ కార్లాఫ్‌ది. మొదట్లో వచ్చే టైటిల్స్‌లో అతని పేరు ఉండదు, ఆ పాత్రకు ఎదురుగా ఒక ప్రశ్నార్థకం మాత్రం ఉంటుంది. అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. లండన్‌లో పుట్టాడు గానీ తండ్రి బ్రిటిష్ ఇండియాలో ఉప్పు పన్ను శాఖలో పనిచేసినవాడు, ఆ కుటుంబంలో భారతీయ రక్తం ఉంది. అప్పటికి నలభై దాటాయి, ఏళ్ల తరబడి చిల్లర వేషాలు వేస్తూ ఉన్నాడు.

ఆ భూతం తెర మీదికి తొలిసారి వచ్చే ఘట్టాన్ని ఆపి ఆపి చూడండి. సంగీతం లేదు. గదిలో ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు, బయట అడుగుల చప్పుడు. దీపం తగ్గిస్తారు. తలుపు తెరుచుకుంటుంది. వచ్చేవాడు ముఖం ఇటు పెట్టి రాడు, వెనక్కి తిరిగి వీపుతో లోపలికొస్తాడు. తర్వాత మెల్లగా తిరుగుతాడు. వేల్ అక్కడ కెమెరాను జరపడు, షాటును కట్ చేస్తాడు. ఒక షాట్, ఇంకాస్త దగ్గరగా మరో షాట్, తర్వాత ముఖం నిండా ఇంకో షాట్. కళ్లు సగం మూసి ఉంటాయి. ఆ బరువైన కనురెప్పలు కార్లాఫ్ అడిగి పెట్టించుకున్నవి, మైనంతో చేసినవి. కళ్లు మరీ చురుగ్గా, తెలివిగా కనిపిస్తున్నాయని అతనికి అనిపించిందట. ఒక చెంప గుంటపడి ఉంటుంది చూడండి, అది మేకప్ కాదు. నోట్లో కట్టుడు పళ్ల బ్రిడ్జి ఉంటే తీసేశాడు. మిగతాదంతా మేకప్‌మాన్ జాక్ పియర్స్ చేతి పని, రోజూ కొన్ని గంటలు కుర్చీలో కదలకుండా కూర్చోవాల్సిందే.

అసలు నేను చూడమంటున్నది ఆ తర్వాతి నిమిషం. డాక్టర్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి పైకప్పులో ఉన్న కిటికీ తెరుస్తాడు. వెలుతురు ముఖం మీద పడుతుంది. పుట్టాక అతను చూసిన మొదటి వెలుగు అది. తల పైకెత్తుతాడు, లేచి నిలబడతాడు, రెండు చేతులూ పైకి చాచి ఆ వెలుతురును పట్టుకోబోతాడు. వెంటనే కిటికీ మూసేస్తారు. అప్పుడు ఆ చేతులు ఏం చేస్తాయో చూడండి. కిందికి దిగి, అరచేతులు తెరుచుకుని, డాక్టర్ వైపు అడుక్కుంటున్నట్టు కదులుతాయి. ఒక్క మాట లేదు. ఫిల్మ్ సొసైటీలో ఈ సినిమా వేసినప్పుడు కుర్రాళ్లు అంతకుముందు ప్రయోగశాల సీన్లో డాక్టర్ వేసే కేకలకు పగలబడి నవ్వుతారు, ఈ చేతుల దగ్గరికి వచ్చేసరికి హాలు సద్దుమణిగిపోతుంది. ఆ వెంటనే గూని పనివాడు కాగడా పట్టుకుని వస్తాడు. వెలుగు కోసం చేతులు చాచినవాడికి అందిందేమో మంట. ఈ ఒక్క ఘట్టంలో సినిమా కథ మొత్తం ఉంది. వంద పేజీల విశ్లేషణ చదివినా ఇంతకంటే ఎక్కువ తెలియదు.

చెరువు గట్టు సీన్ గురించి కూడా ఒక మాట. చిన్నపిల్ల అతనికి పూలిస్తుంది, ఇద్దరూ వాటిని నీళ్లలోకి విసిరి తేలుతుంటే చూసి మురిసిపోతారు. పూలు అయిపోతాయి. పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని ఎత్తి విసిరేస్తాడు. సెన్సారు కత్తెర ఆ విసరడాన్ని తీసేసింది. దాంతో ఏమైందంటే, అతను పిల్ల వైపు చేతులు చాచడం దగ్గర సీను తెగిపోయి, తర్వాత తండ్రి పిల్ల శవాన్ని ఎత్తుకొస్తూ కనిపిస్తాడు. మధ్యలో ఏం జరిగి ఉంటుందో ప్రేక్షకుడు ఊహించుకునేది అసలు జరిగినదానికంటే ఘోరంగా ఉండేది. ఆ ముక్కను 1980ల్లో గానీ తిరిగి కలపలేదు. కాబట్టి మీకు దొరికే ప్రింటులో ఆ విసరడం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది పాత ప్రింటు, వదిలేయండి.

దీని తర్వాత వరసగా బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ చూడాలి, 1935. అదే దర్శకుడు, అదే నటుడు. మొదటిదాని కంటే ఇదే మంచి సినిమా అని నా గట్టి అభిప్రాయం. వేల్‌కు కాస్త వెటకారం ఎక్కువ, ఇందులో దాని పగ్గాలు వదిలేశాడు. మీకు నవ్వొచ్చిన చోటల్లా నవ్వుకోండి, అక్కడ ఆయన కూడా నవ్వుతూనే ఉన్నాడు. అడవిలో గుడ్డి ముసలాయన భూతానికి రొట్టె పెట్టి, ఫిడేలు వాయించి, మాటలు నేర్పే ఘట్టం ఉంది. చూడలేనివాడికి మాత్రమే ఈ రూపం భయం పుట్టించలేదన్నది దాంట్లో విషయం. చివర్లో వచ్చే పెళ్లికూతురు తెర మీద ఉండేది కొద్ది నిమిషాలే. ఎల్సా లాంచెస్టర్ వేసింది. పిట్టలా తల ఇటూ అటూ విదిలిస్తూ బుసకొడుతుంది, ఆ బుస హంసల దగ్గర నేర్చుకున్నానని ఆమే చెప్పింది. ఫ్రాంజ్ వాక్స్‌మన్ సంగీతం కూడా తోడయ్యింది కాబట్టి ఈసారి చెవులకు కరువుండదు.

రంగులు లేకపోవడం ఒక లోటు అనే భావం మనసులో ఉంటే దాన్ని తీసేయడానికి ఇంకో సినిమా చెప్తాను. డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్ చాలాసార్లు తీశారు. మీరు చూడాల్సింది 1931లో రూబెన్ మమూలియన్ తీసింది. హీరో ఫ్రెడ్రిక్ మార్చ్‌కు దీనికే ఆస్కార్ వచ్చింది. మందు తాగగానే మంచి డాక్టర్ జెకిల్ ముఖం దుర్మార్గుడు హైడ్ ముఖంగా మారిపోయే ఘట్టం ఉంటుంది. కట్ లేదు, మసక లేదు, ఒకే షాట్. మన కళ్ల ముందే చెంపలు నల్లబడి, కళ్ల కింద గుంటలు పడి, గీతలు తేలతాయి. కంప్యూటర్లు లేని కాలంలో ఇది ఎలా చేశారో మమూలియన్ చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. కిటుకు ఏమిటంటే, ముఖం మీద ఆ గీతలన్నీ ముందే ఎర్రరంగుతో వేసి ఉంచారు. లెన్సు ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే ఎర్రరంగు ఫిల్ములో చర్మంతో కలిసిపోయి కనిపించదు. ఫిల్టర్‌ను మెల్లగా ఆకుపచ్చ వైపు మారిస్తే అదే ఎరుపు నల్లగా తేలుతుంది. సెట్లో నిలబడి చూసినవాళ్లకు ముఖం నిండా రంగులు పూసుకున్న మనిషే కనిపించి ఉంటాడు. నలుపు-తెలుపు ఫిల్ముకు మాత్రమే అది జెకిల్, ఆ తర్వాత హైడ్. కలర్లో తీస్తే మొదటి క్షణంలోనే గుట్టు రట్టవుతుంది.

కార్లాఫ్ సంగతీ అంతే. అతని ముఖానికి పూసింది ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు. తెర మీద అది శవం పాలిపోయినట్టు కనిపించాలని ఆ రంగు ఎంచుకున్నారు. తర్వాత పోస్టర్లు, బొమ్మలు చూసి లోకమంతా ఫ్రాంకెన్‌స్టైన్ భూతం ఆకుపచ్చగా ఉంటుందనుకుంది.

మనకు ఈ విద్య తెలియనిదేం కాదు. మాయాబజార్‌లో లాహిరి లాహిరి పాటకు కెమెరామాన్ మార్కస్ బార్ట్లీ సృష్టించిన వెన్నెలను చూస్తూ రంగుల్లేవని ఎవరైనా బాధపడ్డారా? పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడిగా కెమెరా వైపు చూసినప్పుడు ఆ ముఖం మీద వెలుగు ఎటు నుంచి పడుతోందో ఒకసారి గమనించండి. అదే కన్నుతో హాలీవుడ్ భూతాలనూ చూడాలి.

భయం కావాలంటే మాత్రం 1942 నాటి క్యాట్ పీపుల్‌కు రండి. ఇది యూనివర్సల్ సినిమా కాదు, ఆర్‌కేఓ స్టూడియోది. వాల్ ల్యూటన్ అనే నిర్మాతకు స్టూడియో వాళ్లు కొద్దిపాటి బడ్జెట్టు ఇచ్చి, సినిమా పేరు కూడా వాళ్లే పెట్టి, ఈ పేరుకు కథ రాసుకో అన్నారు. పిల్లి మనుషులు అనే పేరు విని ఎవరైనా బొచ్చు తొడుగులు వేసిన మనుషులను ఊహిస్తారు. ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ ఇద్దరూ కలిసి, కథలో ఆడమనిషి మారిపోతుందనే ఆ నల్ల చిరుతను వీలైనంత వరకు చీకట్లోనే ఉంచేశారు. డబ్బు లేకపోవడం ఒక కారణమైతే, బుర్ర ఉండటం రెండో కారణం. మెట్ల సెట్టు కూడా వేరే సినిమా కోసం వేసిందే వాడుకున్నారు.

ఇందులో ఒక నడక ఉంది. రాత్రి పార్కు గోడ పక్కనుంచి ఒకమ్మాయి ఒంటరిగా వెళ్తుంటుంది. వెనకాల ఇంకో ఆడమనిషి. రెండు జతల హైహీల్స్ చప్పుడు. వీధిదీపం కింద వెలుగు, తర్వాత చీకటి, మళ్లీ వెలుగు. కాసేపటికి వెనకాల చప్పుడు ఆగిపోతుంది. మనిషి వెళ్లిపోయిందా, లేక ఇప్పుడు హీల్స్ లేని కాళ్లతో వస్తోందా? ముందున్న అమ్మాయికి ఏదో తేడాగా తోచి వేగం పెంచుతుంది, తర్వాత పరుగు. అప్పుడు పక్కనుంచి ఒక్కసారిగా బుస్సుమంటూ ఏదో దూసుకొస్తుంది. బస్సు. బ్రేకుల గాలి చప్పుడు చిరుతపులి బుసలా వినిపించింది, అంతే. ఇవాళ హారర్ సినిమాల్లో ఉత్తుత్తినే ఉలిక్కిపడేలా చేస్తారే, పిల్లి దూకడం, తలుపు కొట్టుకోవడం, వాటన్నింటికీ మూలపురుషుడు ఈ బస్సు. సినిమావాళ్లు ఇప్పటికీ ఆ ట్రిక్కును ల్యూటన్ బస్ అనే పిలుస్తారు. తేడా ఏమిటంటే ఇప్పటివాళ్లు ఆ చివరి చప్పుడును మాత్రమే కాపీ కొట్టారు, దానికి ముందున్న నడకను వదిలేశారు. ఈత కొలను సీన్ కూడా ఇదే సినిమాలో ఉంది, దాని గురించి చెప్పి పాడుచేయను.

చూసే పద్ధతి గురించి కొంచెం. ఇది చాదస్తం అనుకోకండి, సగం మందికి ఈ సినిమాలు నచ్చకపోవడానికి టీవీ సెట్టింగులే కారణం. ఆ కాలపు సినిమా ఫ్రేము దాదాపు చతురస్రంగా ఉంటుంది, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. రానివ్వండి. స్ట్రెచ్, జూమ్ నొక్కితే కార్లాఫ్ తల ఇంకా వెడల్పయిపోతుంది, అసలే అది వెడల్పు తల. కదలికలను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. బ్రైట్‌నెస్ పెంచకండి, గదిలో లైట్లు ఆర్పండి. నీడ నల్లగా ఉండాలి. అది బూడిదరంగులోకి దిగితే ఆ నీడలో ఏముందో అన్న అనుమానమే పుట్టదు, అనుమానం పుట్టకపోతే ఈ సినిమాల్లో చూడటానికేం లేదు. ఫోన్‌లో మాత్రం వద్దు.

ప్రింటు ముఖ్యం అనడానికి నొస్ఫెరాటు కథ చాలు. 1922 నాటి జర్మన్ మూకీ, దర్శకుడు మూర్నౌ. డ్రాక్యులా నవలను అనుమతి తీసుకోకుండా పేర్లు మార్చి తీశారు. రచయిత బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకెళ్లి గెలిచింది, ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పు వచ్చింది. అప్పటికే కొన్ని దేశాలు దాటిపోయాయి కాబట్టి సినిమా బతికింది. ఇప్పుడు ఉచితంగా ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, చిక్కంతా అక్కడే. అందులో రాత్రి దృశ్యాలన్నీ పట్టపగలు తీసినవి. అప్పటి ఫిల్ముకు రాత్రిని పట్టే శక్తి లేదు. కాబట్టి ప్రింటుకు రాత్రి చోట నీలం, లోపలి గదుల్లో పసుపు ఇలా రంగునీళ్లు పట్టించేవారు. ఆ రంగు పట్టించని పాత కాపీలో చూస్తే రక్తపిశాచి ఎర్రటి ఎండలో సొంత శవపేటిక చంకన పెట్టుకుని ఊళ్లో తిరుగుతుంటాడు. నవ్వు రాక ఏమవుతుంది? ఎండ తగిలితే రక్తపిశాచి చచ్చిపోతాడన్న నియమం ఈ సినిమాతోనే మొదలైంది, నవలలో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు. అందుకే రీస్టోర్ చేసిన, రంగు పట్టించిన ప్రింటే వెతకండి. సంగీతం ఒక్కో కాపీకి ఒక్కోలా ఉంటుంది, నచ్చకపోతే మ్యూట్ చేసి చూడండి. దీన్ని నాలుగైదు సినిమాలు అయ్యాక, కన్ను అలవాటు పడ్డాక చూడటం మంచిది. మెట్ల గోడ మీద నీడ పాకే ఆ షాట్ అప్పుడు మీకు అందుతుంది. మూకీలు పడతాయనిపిస్తే 1920 నాటి ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ క్యాలిగరీ, 1925 నాటి ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా కూడా చూడొచ్చు. క్యాలిగరీలో నీడలను కూడా గోడల మీద కుంచెతో గీశారు.

పెద్ద జంతువుల సినిమాలు ఒక ప్రత్యేక శాఖ. కింగ్ కాంగ్ 1933లో వచ్చింది. తెర మీద కొండంత కనిపించే కాంగ్ నిజానికి మూర పొడవున్న బొమ్మ. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, పైన కుందేలు చర్మం. విల్లిస్ ఓబ్రయన్ బృందం దాన్ని వెంట్రుకవాసి కదిపి ఒక ఫ్రేము, మళ్లీ కదిపి ఒక ఫ్రేము తీసింది. సెకనుకు 24 ఫ్రేములు. నిమిషం సినిమా కావాలంటే 1440 సార్లు కదపాలి. కాంగ్ ఒంటి మీది బొచ్చు ఊరికే గాలికి రేగినట్టు కదులుతూ ఉంటుంది చూడండి. అది గాలి కాదు, ప్రతి ఫ్రేముకూ బొమ్మను పట్టుకున్నవాళ్ల వేళ్ల గుర్తు. నాకు ఆ బొచ్చు కదలిక అంటే ప్రాణం. దీవిలోని మనుషులను చూపించిన తీరు మాత్రం చిరాకు పుట్టిస్తుంది, అప్పటి తెల్లవాళ్ల అహంకారం అందులో నిండుగా ఉంది. దాన్ని వెనకేసుకురావాల్సిన అవసరం లేదు.

గాడ్జిల్లా అంటే మీకు ఇప్పటి గ్రాఫిక్స్ గుర్తొస్తాయి. 1954 నాటి మొదటి జపాన్ సినిమా వేరు. ఆ ఏడాది మార్చిలో బికిని దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షిస్తే ఆ బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది, జాలరులు జబ్బుపడ్డారు. నవంబరుకల్లా ఈ సినిమా హాళ్లలోకి వచ్చేసింది. మొదటి దృశ్యంలో మునిగేది పడవే. టోక్యోవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. దర్శకుడు ఇషిరో హోండా యుద్ధం నుంచి తిరిగొస్తూ హిరోషిమాను చూసినవాడు. సినిమాలో రైల్లో కూర్చున్న ఒకామె, నాగసాకి నుంచి బతికి బయటపడింది దీనికోసమా అంటుంది. ఊరు తగలబడుతుంటే ఒక తల్లి పిల్లలను ఒళ్లో చేర్చుకుని, ఇంకాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్లిపోతాం అని చెప్తుంది. రబ్బరు తొడుగులో మనిషి ఉన్నాడని తెలిసి కూడా అక్కడ నవ్వు రాదు. ఆ అరుపు కూడా జంతువుది కాదు, పెద్ద ఫిడేలు లాంటి కాంట్రాబాస్ తీగల మీద జిగురు పూసిన తోలు గ్లౌజు రాసి తీసిన చప్పుడు, సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే పనితనం. జపాన్ ఒరిజినలే చూడండి. అమెరికావాళ్లు 1956లో ఒక విలేఖరి పాత్రను మధ్యలో అతికించి వదిలిన వెర్షన్ కూడా తిరుగుతుంటుంది, అందులో ఈ బాధంతా పలచబడిపోయింది.

మిగతావి గబగబా. ది మమ్మీ, 1932: మొదటి పది నిమిషాలు బంగారం, తర్వాత మధ్యరకం. ఇన్విజిబుల్ మాన్, 1933: ముఖం చివరి క్షణం దాకా కనిపించకుండా గొంతుతోనే క్లాడ్ రెయిన్స్ హీరో అయిపోయాడు. వుల్ఫ్ మాన్, 1941: చూడదగిందే, కథ కాస్త నీరసం. ఆ తర్వాత యూనివర్సల్‌వాళ్లు ఇద్దరేసి ముగ్గురేసి భూతాలను కలిపి తీసినవి వదిలేసినా నష్టం లేదు. ది ఇన్నొసెంట్స్, 1961: దెయ్యం ఉందో, ఆవిడ భ్రమో తేలదు. పట్టపగలు చెరువుకు అవతల రెల్లు పొదల్లో ఒక నల్లబట్టల ఆకారం ఊరికే నిలబడి ఉంటుంది. ఇంత చూసిన నాకు ఇప్పటికీ గుండె జారేది అక్కడే.

రంగులద్దిన ప్రింట్ల గురించి: మాయాబజార్‌కు 2010లో రంగులద్ది వదిలితే కొత్త తరం హాళ్లకు వెళ్లి చూసింది, సంతోషమే. అది పండగలాంటి సినిమా, నగలూ చీరలూ రంగులకు ఓర్చుకుంటాయి. ఈ భూతాల సినిమాలు ఓర్చుకోవు. పైన చెప్పిన జెకిల్ మేకప్, కార్లాఫ్ ముఖం, క్యాట్ పీపుల్ వీధిదీపాలు, అన్నీ నలుపు ఎంత నల్లగా ఉంటుందన్న లెక్క మీద నిలబడ్డవి. దాని మీద రంగు పులిమితే చీకటి ఉతికిన గుడ్డలా వెలిసిపోతుంది. కాబట్టి వద్దు. నొస్ఫెరాటు నీలం, పసుపు వేరే లెక్క, అవి తీసినప్పుడే వాళ్లు అనుకున్న రంగులు.

ఇక బాబు సంగతి. తొమ్మిదేళ్లంటే కింగ్ కాంగ్‌తో మొదలుపెట్టండి, డైనోసార్లు కూడా ఉన్నాయి, వాడు మిమ్మల్ని లేవనివ్వడు. తర్వాత 1954 నాటి క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్. హీరోయిన్ నీటిపైన ఈదుతుంటే కింద అదే వేగంతో ఆ చేపమనిషి వెల్లకిలా ఈదే ఘట్టం ఎంత అందంగా ఉంటుందో పిల్లలకు కూడా తెలుస్తుంది. ఆ తొడుగును రూపొందించింది మిలిసెంట్ పాట్రిక్ అనే ఆవిడ, పేరు మాత్రం చాలాకాలం మేకప్ శాఖ పెద్దకు పోయింది. ఇన్విజిబుల్ మాన్‌లో చొక్కా తనంతట తాను గెంతడం, ప్యాంటు పాట పాడుకుంటూ రోడ్డు మీద పరుగెత్తడం వాడికి తెగ నచ్చుతాయి. రైలును పడగొట్టే ముక్క ఒకటి ఉంది, అక్కడ పక్కన ఉండండి. ఫ్రాంకెన్‌స్టైన్ చెరువు సీను ముందు మీరొక్కరే చూసి నిర్ణయించుకోండి. గాడ్జిల్లాకు సబ్‌టైటిల్స్ చదివే వేగం రావాలి, ఓ రెండేళ్లు ఆగొచ్చు.

ఒక్క జాగ్రత్త. నలుపు-తెలుపు కదా, పాతది కదా, ఏముంటుందిలే అనుకుని 1968 నాటి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ పెట్టకండి. సినిమా పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు మీద కాపీరైట్ మాట పెట్టడం మరిచిపోవడంతో అది అందరి సొత్తయిపోయింది, యూట్యూబ్‌లో వెతికితే మొదట తగిలేది అదే. అమెరికాలో మ్యాట్నీకి వచ్చిన చిన్నపిల్లలు దాన్ని చూసి ఏడుస్తూ కూర్చుండిపోయారని విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 1969లో రాశాడు. సైకో, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఐస్ వితౌట్ ఎ ఫేస్, 1932 నాటి ఫ్రీక్స్ కూడా అంతే, పిల్లలకు ఇప్పుడే వద్దు. బాబు పడుకున్నాక మీరు చూడండి. ఫ్రీక్స్ తీసింది మీకు నిద్ర తెప్పించిన డ్రాక్యులా దర్శకుడు టాడ్ బ్రౌనింగే. ఈసారి నిద్ర రాదు.